మా యారాలికి చెప్పని క్లైమాక్సులు

సినిమాకు మార్కులు వేయడంలో నా పద్ధతి నాది. నక్షత్రాలు ఇవ్వడం, పదికి ఇన్ని అనడం నాకు చేతకాదు. కూరగాయలు తరుగుతూ చూడొచ్చు అన్నానంటే పరవాలేదని అర్థం. చింతపండు గింజలు తీస్తూ చూడొచ్చు అంటే ఇంకాస్త నయం, ఆ పనికి కళ్లు అక్కర్లేదు కాబట్టి. పొయ్యి ఆర్పేసి చూడాలి అన్నానంటే మాత్రం అది నిజంగా మంచి సినిమా. మా రాబర్ట్‌సన్‌పేట బజారు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో నా వాయిస్ మెసేజీ కోసం కాచుకుని ఉండేవాళ్లు ఉన్నారు. కోలారు బంగారు గని కూలీలుండే కోరమండల్ లైన్ల నుంచి వచ్చి పూలమ్ముకునే ఆమెకైతే కథ కూడా అక్కర్లేదు. "అక్కా, పొయ్యి ఆర్పల్లా వద్దా, అదొక్కటి చెప్పు చాలు" అంటుంది.

నాకు నచ్చే సినిమాలు మూడు రకాలు. చూశాక మనసు హాయిగా ఉండేవి, ఆటల మీద తీసినవి, ద్రాక్షతోటలూ వైనూ ఉండేవి. మూడో రకం పేరు ఎత్తితే మా బంధువుల్లో నవ్వనివాళ్లు లేరు. మాది ధాన్యం అంగడి ఇల్లు, మగవాళ్లు కూడా సీసా ముట్టరు. వైను రుచి నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. కానీ ఆ సినిమాల్లో గ్లాసు తిప్పి, వాసన చూసి, గుక్కెడు నోట్లో ఆడించి, ఇది ఫలానా కొండవాలు పంట అని చెబుతుంటే నాకు మా మామగారు గుర్తొస్తారు. ఆయన రాగులు గుప్పిట్లో నలిపి, ఒక గింజ కొరికి, ఇవి ముళబాగిలు వైపువా మాలూరు వైపువా అని తేల్చేవారు. తేడా ఏమిటంటే, వాళ్లు అంత ఖరీదైన సరుకును నోట్లో పోసుకుని బకెట్లో ఉమ్మేస్తారు. మా మామగారు రాగిగింజను కూడా ఉమ్మింది లేదు.

ఇంత సినిమా పిచ్చి ఉన్నదాన్ని, ఏ సినిమాకైనా చివర ఏమవుతుందో నా కళ్లతో నేను చూసి తెలుసుకునే భాగ్యం ఏళ్ల తరబడి నాకు దక్కలేదు. కారణం మా యారాలు. యారాలంటే మా బావగారి భార్య, నా తోడికోడలు. అంగడి వెనక ఒకే ఇంట్లో ఉంటాం, వంటిళ్లు వేరు, మధ్యలో ఒక గోడ. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. బెంగళూరులో చెల్లెలింటికి పోయి కొత్త సినిమా చూసి, మారికుప్పం రైల్లో దిగి, చెప్పులు విప్పకముందే వాకిట్లో నుంచి అరిచేది. "ఆ పిల్లోడు చచ్చిపోతాడమ్మే! నువ్వు ఏడుస్తావు, చూడొద్దు." నేను టీవీ ముందు కూర్చుని ఉంటే వెనకాల చేతిలో గిన్నెతో నిలబడి, "ఆ తెల్లచీర ఆమె ఉండాదే, ఆమే దొంగ" అనేది. ఒకసారి రిమోట్ విసిరేశాను. గోడకు తగిలి రెండు ముక్కలైంది. ఆమెకు చీమ కుట్టినట్టైనా లేదు. "ముందే తెలిస్తే భయం ఉండదు కదమ్మే, నీ మంచికే చెప్తా ఉండా" అంది.

సినిమాల సంగతి ఒక్కటే అయితే పళ్లు నూరుకుని ఊరుకునేదాన్ని. పెళ్లయిన రెండో ఏడు నాకు నెల తప్పింది. మా ఇళ్లలో మూడో నెల దాటేదాకా ఆ మాట గడప దాటనివ్వరు. దిష్టి అనండి, ఆచారం అనండి, దాంట్లో ఒక తెలివి ఉంది. నిలుస్తుందో లేదో తెలియనిదాన్ని పదిమంది నోళ్లలో పెట్టకూడదు. నేను నా భర్తకు, అత్తగారికి చెప్పాను, అంతే. యారాలు గోడ అవతల నుంచి విన్నది. పొద్దుగూకేసరికి బజారంతా పాకించేసింది. బట్టలంగడి వాళ్లు, నగలంగడి వాళ్లు, పూలామె, అందరూ పుల్ల మామిడికాయలు, మల్లెపూలు పట్టుకుని వచ్చారు.

తర్వాత కొన్నాళ్లకే అది పోయింది. ఆస్పత్రి నుంచి తెచ్చి పడుకోబెట్టారు. పూలు రావడం మాత్రం ఆగలేదు. ఊళ్లో లేనివాళ్లు, ఆలస్యంగా విన్నవాళ్లు, పోయిన సంగతి తెలియక నవ్వు ముఖాలతో వచ్చి తలుపు తట్టేవాళ్లు. మా అత్తగారు గుడికి పోయినప్పుడు నేనే లేచి, తలుపు తీసి, నా నోటితో నేనే, లేదమ్మా, పోయింది అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఒకామె చేతిలో పూలు అట్లాగే ఉన్నాయి, ఇవ్వాలో వెనక్కి తీసుకుపోవాలో ఆమెకు తెలియలేదు. ఆ తర్వాత నాకు మళ్లీ కడుపు పండలేదు. ఊరందరితో అన్ని మాటలాడే యారాలు ఆ సంగతి మీద నాతో ఒక్క మాట కూడా ఆడలేదు. నేనూ అడగలేదు. అడగకుండా, దాన్ని లోపల పెట్టుకుని, ఆమె పక్కనే కూర్చుని పండగ పిండివంటలు చేశాను.

ఈ ఏడు వేసవి ముందు ఆమె కళ్లు దెబ్బతిన్నాయి. ఒంట్లో షుగర్ కళ్ల వెనక్కి పాకి, లోపల రక్తం చిమ్మింది. ఒక కంటికి ఆపరేషన్, రెండో కంట్లో సూదులు. మనుషులు నీడల్లా కనిపిస్తారు, ముఖాలు తెలియవు. టీవీ, ఫోను అసలు చూడకూడదన్నారు. విన్నప్పుడు నేను అయ్యో అన్నాను. లోపల మాత్రం ఎవరో చల్లటి నీళ్లు పోసినట్టు హాయిగా ఉంది. అది నిజం, దాచడం నాకు ఇష్టం లేదు.

వారం తిరక్కుండానే గోడ అవతల నుంచి పిలుపు. "ఏమ్మే, నాకు కాలం గడవడం లేదు. ఏదన్నా సినిమా చూసి వచ్చి చెప్పు. నీ మాదిరి ఎవురు చెప్తారు?"

అవకాశం నా కాళ్ల దగ్గరికే వచ్చింది. చెబుతానక్కా, బాగా చెబుతాను అన్నాను. మా వైపు ఎవరూ చూడని పరాయి భాషల సినిమాలు ఏరి పెట్టుకున్నాను. పేర్లు కూడా తప్పు చెప్పేదాన్ని, బెంగళూరు చెల్లెల్ని అడిగినా దొరక్కుండా.

మొదటిది హాయి సినిమా. ఎక్కడో మంచు కురిసే ఊరు. ఒకే వీధిలో ఎదురెదురుగా రెండు సూపు అంగళ్లు, ఇద్దరు అక్కచెల్లెళ్లవి. అమ్మ వాడిన రాగి గుండిగ కోసం కొట్లాడుకుని ఏళ్లుగా మాటల్లేవు. పొయ్యి ఆర్పి చూడాల్సిన సినిమా, అందులో సందేహం లేదు. ఆ ఆవిరి, ఆ ఉల్లికాడలు చూస్తే ఆకలి వేసింది, అయినా మా మిరియాల రసం ముందు ఆ సూపు ఏపాటి? ఇట్లాంటి సినిమాల మీద నాకు ఒకటే కోపం. తప్పు చేసినవాళ్లు రెండు చుక్కలు కన్నీళ్లు కారిస్తే చాలు, అవతలివాళ్లు వెన్నలా కరిగిపోతారు. ఆఖరికి అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని తింటారు. అన్ని గిన్నెలు ఎవరు కడిగారో చూపించరు.

యారాలికి చెప్పేటప్పుడు ఏదీ తగ్గించలేదు. మంచులో జారుతూ నడవడం, గుండిగకు పట్టిన చిలుము, అన్నీ కళ్లకు కట్టినట్టు చెప్పాను. ఆమె చింతపండు గింజలు తీయడం మరిచిపోయి విన్నది. అక్క గుండిగ నెత్తిన పెట్టుకుని వీధి దాటి, చెల్లెలి తలుపు తట్టింది. అక్కడ ఆపాను.

"తలుపు తీసిందా?"

"కరెంటు పోయిందక్కా."

"మనకా, వాళ్లకా?"

"మనకే. మళ్లీ చూడడానికి కుదర్లేదు."

"అయ్యో, ఏందమ్మే ఇది! తీసిందో లేదో తెలియకుండా నేనెట్ల నిద్రపోవల్ల?" అని ఆమె తల కొట్టుకుంది. నా వంటింట్లోకి వచ్చి, గిన్నెలు చప్పుడు చేసుకుంటూ నవ్వుకున్నాను. అంత హాయి ఆ సినిమా కూడా ఇవ్వలేదు.

రెండోది ఆట సినిమా. ఇటుకబట్టీలో పనిచేసే ఆడవాళ్లు ఖో-ఖో జట్టు కట్టి, చదువుకున్న పిల్లల జట్టుతో పోటీకి దిగుతారు. చింతపండు గింజలు తీస్తూ చూడదగింది. ఆటల సినిమాల్లో కోచ్ ఎప్పుడూ తాగుబోతే ఎందుకు అవుతాడో నాకు అర్థం కాదు. తాగని కోచ్‌కు ఆట రాదా? ఇంకొకటి, కీలకమైన చోట అందరూ నిదానంగా పరిగెత్తుతారు. నేను లేచి వెళ్లి, కాఫీ కలుపుకుని వచ్చినా ఆ అమ్మాయి కాలు ఇంకా గాల్లోనే ఉంది. కానీ ఇటుకలు మోసి మోసి అరిగిన ఆ చేతులు బాగా చూపించారు. యారాలికి మాలూరు బట్టీల దగ్గర బంధువులు ఉన్నారు, అందుకని ఆమె మరీ లీనమైపోయింది. ఆఖరి ఆట. అవతలి జట్టులో ఒకే ఒక పిల్ల మిగిలింది. మన అమ్మాయి చెయ్యి చాచింది. ఆ పిల్ల వీపుకు వేలెడు దూరంలో ఉంది.

"తగిలిందా?" యారాలు మంచం మీద సగం లేచింది.

"అంగట్లోకి సరుకు బండి వచ్చిందక్కా, పోవల్ల."

"సరుకు బండి నెత్తిన పిడుగు పడ! తగిలిందా లేదా చెప్పి పోమ్మే!"

చెప్పలేదు. ఆమె బెంగళూరు చెల్లెలికి ఫోన్ చేసింది. ఆ పేరుతో సినిమానే లేదు పొమ్మందట చెల్లెలు. రాత్రి అన్నం దగ్గర బావగారితో, "దానికి ఆ చెయ్యి తగిలిందో లేదో నాకు తెలియాల" అని ఏడుపు గొంతుతో అంటుంటే నాకు ఇటు వైపు వినిపించింది. ఒక పూట తెలియకపోతేనే ఇంత బాధా అక్కా, అనుకున్నాను. తెలియనివ్వాల్సినవి కొన్ని, తెలియనివ్వకూడనివి కొన్ని ఉంటాయని ఇప్పుడు తెలిసి వస్తోందా అనుకున్నాను. కసి తీరలేదు. తీరుతున్నట్టు మాత్రం ఉంది.

మూడోది వైను సినిమా. నేను చూసినవాటిలో ఇదే గొప్పది, పొయ్యి ఆర్పడమే కాదు, ఆ పూట వంటే మానేయొచ్చు. తండ్రి పోయాక కూతురు ద్రాక్షతోటకు వస్తుంది. తోట నష్టాల్లో ఉంటుంది, కొనేవాళ్లు వాకిట్లో కాచుకుని ఉంటారు. నేలమాళిగలో తండ్రి ఎవరికీ చూపించకుండా దాచిన ఒక పీపా ఉంటుంది. అందులోది బాగుంటే తోట నిలబడుతుంది, పులిసిపోయి ఉంటే అంతా పోయినట్టే. మా కోలారు బండ్ల మీద అమ్మే గింజల నల్లద్రాక్ష తప్ప వేరేది ఎరగని యారాలు, ఆ తీగలు తనవే అన్నట్టు విన్నది. పీపా మూతకు సుత్తి తగిలింది. కూతురు గ్లాసు పట్టుకుంది. నోటి దాకా తెచ్చుకుంది.

నేను ఆపాను. ఈసారి సాకు కూడా చెప్పలేదు.

"బాగుండాదా, పులిసిపోయిందా?" అంది యారాలు. చెయ్యి చాచి, వెతుక్కుని నా కొంగు పట్టుకుంది. "నీకు దండం పెడతానమ్మే, చెప్పు."

"ముందు ఇంకో సినిమా చెబుతా విను. చిన్నది. ఆ తర్వాత ఇది."

అదే దేశం, అట్లాంటిదే ద్రాక్షతోట ఇల్లు అని మొదలుపెట్టాను. ఇద్దరు కోడళ్లు. చిన్నకోడలికి కడుపు నిలిచింది. అప్పుడే ఎవరికీ చెప్పకూడదని వాళ్ల రివాజు. పెద్దకోడలికి ఎట్లాగో తెలిసి, పోయి గుడిగంట కొట్టి ఊరంతా చెప్పేసింది. ఊరు ఊరంతా పూలు పట్టుకుని వచ్చింది. నెల తిరక్కుండా కడుపు పోయింది. అయినా పూలు వస్తూనే ఉన్నాయి, ఆ పిల్లే తలుపు తీసి, ఒక్కొక్కరికీ చెప్పుకుంది. ఈ సినిమా నేను అంత బాగా చెప్పగలనని నాకే తెలియదు.

యారాలు కళ్లకు కట్టిన పచ్చగుడ్డ కింద నుంచి నీళ్లు కారాయి. ఆపరేషన్ కన్ను, ఏడవకూడదు. అయినా ఏడ్చింది. ఏడ్చి, తర్వాత తిట్లు లంకించుకుంది.

"దాని నోట్లో మన్ను పొయ్య! అంత చిన్న మాట కడుపులో పెట్టుకోలేకపోయిందా ఆ పెద్దది? అట్లాంటి దానికి కండ్లు పోవల్లమ్మే. చెప్పు, చివర్న దానికి ఏమాయె? దేవుడు ఊరికే ఇడిసిపెట్టినాడా?"

నేను తయారుచేసుకున్న మాట వేరు. ఆ పెద్దకోడలివి నువ్వే అక్కా అనాలనుకున్నాను. ఆమే అంత మాట అంటుందని నేను అనుకోలేదు.

"ఇడిసిపెట్టలేదక్కా," అన్నాను. "కండ్లు పోయినాయి. సగం."

నా కొంగు వదిలేసింది. అంగట్లో త్రాసు మీద బాట్లు పెడుతున్న చప్పుడు వినబడింది. తర్వాత ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. నేను లేచి వచ్చి, నా పని చూసుకున్నాను. బాగా తగిలింది అనుకున్నాను. ఏళ్లుగా నేను కోరుకున్నది అదే.

మర్నాడు పొద్దున నేను సంగటి గెలుకుతుంటే గోడ అవతల ఆమె గొంతు. ఫోనులో నంబర్లు చూడక్కర్లేదు కదా, పేరు చెబితే అదే కలుపుతుంది. "నేనేనమ్మా, అంగడి పెద్దకోడల్ని. ఆ కాలంలో నా యారాలి కడుపు సంగతి బజారులో చెప్పింది నేనే. తప్పు నాదే. ఆయమ్మ ఇన్నాళ్లూ లోపలే పెట్టుకొని కుమిలిపోయింది." ఫోను పెట్టింది. ఇంకో పేరు చెప్పింది. మళ్లీ మొదలు. బట్టలంగడి, నగలంగడి, కోరమండల్ పూలామె, బెంగళూరు చెల్లెలు, ఎవరినీ వదలలేదు. అప్పటికి ఈ బజారుకు కోడళ్లుగా రానివాళ్లకు కూడా చెప్పింది. సంగటి అడుగంటింది.

మధ్యాహ్నానికి వాకిట్లో చెప్పులు పేరుకున్నాయి. పూలామె కనకాంబరాల మాల తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇన్ని రోజులు మనసులోనే పెట్టుకున్నావా అక్కా, అయ్యో పావం" అంది. బట్టలంగడి ఆమె నా తల నిమిరింది. నేను ముఖం కూడా సరిగ్గా ఎరగని ఒక కొత్తకోడలు, "అప్పుడు ఎన్నో నెల పిన్నీ?" అని అడిగింది. మళ్లీ అదే గడప, అవే పూలు, మళ్లీ నేనే నిలబడి, అవునమ్మా, పోయింది, అప్పుడెప్పుడో పోయింది అని ఒక్కొక్కరికీ చెప్పుకున్నాను. పశ్చాత్తాపం వచ్చినా ఈ మనిషికి నోటి నుంచే రావాలా? కడుపులో పెట్టుకోవడం అనేది ఈ జన్మకు రాదా?

అందరూ పోయాక ఆమె దగ్గరికి పోయాను. స్నానం చేసి, తల దువ్వుకుని, బరువు దించుకున్నట్టు కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడు విని ముఖం ఎత్తింది.

"అందరికీ చెప్పేసినానమ్మే. ఎవుర్నీ ఇడవలేదు. ఇంగ నీ కడుపు చల్లబడిందా? ఇప్పుడన్నా చెప్పు, పీపాలో ఏముండె?"

"ఊరందరికీ చెప్పినావు," అన్నాను. అరిచాననే చెప్పాలి, బావగారు అంగట్లో నుంచి తొంగి చూశారు. "బెంగళూరుకు చెప్పినావు, నిన్న మొన్న వచ్చిన కోడళ్లకు చెప్పినావు. గోడ ఇవతల ఉండేది నేను. నాకు చెప్పినావా?"

ఆమె నోరు తెరిచింది. జన్మలో మొదటిసారి ఆ నోట్లో మాట లేకపోవడం చూశాను. చేతులు ఒళ్లో ఒకదాన్ని ఒకటి నలుపుకున్నాయి. నేను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. సాయం చేయదలుచుకోలేదు. పాలవాడు వచ్చి, పోసి, పోయాడు. బావగారు వచ్చి, మా ఇద్దరినీ చూసి, తిరిగి పోయారు.

"తప్పు చేసినానమ్మే," అంది చివరికి. నాకే వినబడేంత చిన్నగా.

ఇంకా ఏమైనా అంటుందని చూశాను. ఏమీ లేదు. ఈ మాట వింటే ఎట్లా ఉంటుందో నేను ఎన్నిసార్లు ఊహించుకున్నానో. గుండెల మీద రాయి లేస్తుంది అనుకున్నాను, ఏడుస్తాను అనుకున్నాను, ఆమె మీద పడి కొడతాను అనుకున్నాను. ఏదీ జరగలేదు. ఆ రాయి అక్కడే ఉంది.

కానీ మాది అంగడి ఇల్లు. ఆమె ఇవ్వాల్సింది ఇచ్చింది, నేను ఇవ్వాల్సింది ఇవ్వాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పీపాలోది పులిసిపోయింది. కూతురు గుక్క మింగి, ముఖం చిట్లించి, పకపకా నవ్వింది. ఇంటివాళ్లంతా దాన్ని వెనిగర్ లాగా కూరాకుల మీద చల్లుకుని రొట్టెతో తిన్నారు. తోట మాత్రం అమ్మలేదు. మర్నాడు పొద్దున్నే తీగలు కత్తిరించడానికి పోయారు. అక్కడితో అయిపోయింది.

యారాలు ఇంకా ఏదో ఉందేమో అని చెవి నా వైపు పెట్టుకునే ఉంది.

"ఇంతేనా?" అంది.

"ఇందాక నువ్వు ఆ మాట అన్నప్పుడు నాకూ అట్లే అనిపించిందక్కా," అన్నాను.